కప్పు మీద వదిలిన నీడ

లెక్కలక్క ఏ ఇంటికి వెళ్ళినా ముందు వంటగదిలోకి నడుస్తుంది. సోలారు పెట్టించుకునేవాళ్ళంతా ఆమెను కప్పు వైపు లాగుతారు. ఆమె కదలదు. "ఎండ ఎక్కడికీ పోదు. ముందు ఇంట్లో ఏమేం తిరుగుతాయో, ఏమేం వెలుగుతాయో చెప్పండి" అంటుంది. నేల మీద చతికిలబడి, గళ్ళ పుస్తకం తెరిచి, పెన్సిలు చెక్కుకుంటుంది. వస్తువు ఒక గడి, వాట్లు ఒక గడి, రోజుకు ఎన్ని గంటలు అన్నది మూడో గడి.

మొదటి రెండు గడుల్లో ఎవరూ అబద్ధం చెప్పరు. అసలు చిక్కంతా మూడో గడిలోనే. టీవీ ఎంతసేపు చూస్తారంటే ఒక్క గంటంటారు. రిమోటు మీద అంకెలు అరిగిపోయి ఉంటాయి. ఆమె ఏమీ అనకుండా ఐదు అని రాస్తుంది. ఇంటాయన మొహం చిట్లించినా రబ్బరు ముట్టుకోదు.

చదువు పదో తరగతితో ఆగింది. కరెంటు తీగ చేరని ఇళ్ళకు సోలారు లెక్క కట్టడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఇంటి వాడకం, దాని మీద తీగల్లో, దారిలో పోయే నష్టం, ఏడాదిలో అన్నిటికన్నా తక్కువ ఎండ కాసే నెల, వరసగా మూడు రోజులు మబ్బు పడితే తట్టుకునే బ్యాటరీ. ఇందులో ఏ ఒక్కటీ ఎవరి మొహమాటానికీ తగ్గించదు. అందుకే ఆ పేరు నిలిచిపోయింది.

పుస్తకం నిండాక కప్పెక్కుతుంది. నాలుగు మూలలూ తిరిగి చూసి, ఎండలో నిలబడి, వంగి మడమల దగ్గర నీడ విప్పుకుంటుంది. సాయంకాలం నీడ ఎంత దూరమైనా సాగుతుందని అందరికీ తెలుసు కదా, అలాగే దాన్ని కప్పంతా పట్టేలా సాగదీసి, అంచులు చేత్తో తట్టి దిగి వస్తుంది. మర్నాడు పొద్దున్న వెళ్ళి కాళ్ళకు తగిలించుకుంటే ఆ కప్పు మీద రోజంతా ఏ గంటకు ఎండ పడిందో, ఏ గంటకు ఏం అడ్డం వచ్చిందో ఒంటికి తెలిసిపోతుంది. వెచ్చగా తగిలిన చోట ప్యానెల్ పెట్టొచ్చు. చల్లగా తగిలిన చోట పెట్టకూడదు.

ఆ ఊళ్ళో నీడ విప్పగలిగినవాళ్ళు ఇంకొందరు ఉన్నారు. పసిపిల్లల నీడలనైతే తల్లులు స్నానం పోసేటప్పుడు తడవకుండా తీసి పక్కన పెడతారు. పెద్దవాళ్ళకే కష్టం. లోపల ఏదైనా దాచుకున్న మనిషి నీడ ఊడదు. లెక్కలక్క భర్త దర్జీ. ముప్ఫై ఏళ్ళుగా ఆయన నీడ ఒక్కసారి కూడా ఊడలేదు.

"రేపు తప్పకుండా ఇస్తానమ్మా అని రోజూ నలుగురికి చెప్పేవాడి నీడ ఎలా ఊడుతుందండీ?" అంటుంది ఆమె.

"నాది నాతోనే ఉంటుందిలే. నీ పక్కన నడుస్తుంటే ఇద్దరికీ ఒక్క నీడే పడి, జనం నన్ను ఒంటరివాడనుకుంటున్నారు" అంటాడు ఆయన, నోట్లో సూది తీయకుండానే.

ఆమె నీడ కూడా ఒకసారి అంటుకుపోయింది. కోడిగుడ్లు పొదిగే పెట్టె ఉన్న ఒక ఇంటివాళ్ళు, మూడు మబ్బు రోజులెందుకు, ఒక్కటి చాలు అని బతిమాలితే సరేనని రాసింది. వరసగా మూడు రోజులు ముసురు పట్టింది. పెట్టె చల్లబడి రెండొందల గుడ్లు లోపలే ఆగిపోయాయి. ఆ తరువాత పదకొండు నెలలపాటు ఆమె ఎంత లాగినా నీడ మడమలు వదల్లేదు. చివరికి ఆ ఇంటికి వెళ్ళి, తప్పు నాదేనని నలుగురి ముందూ చెప్పి, కొరత పడ్డ బ్యాటరీలు తెచ్చి బిగించిన సాయంత్రం ఊడింది. అప్పట్నుంచీ ఆమె పెన్సిలు ఎవరి మాటకూ వంగలేదు.

మొక్కల నర్సరీ వాళ్ళ నుంచి కబురు వచ్చింది. ఊరు దాటాక ఏటవాలు నేల మీద ఉంటుంది ఆ ఇల్లు. స్తంభాలు రోడ్డు దగ్గరే ఆగిపోయాయి. ఇంటి వెనక జనరేటరు దడదడమంటూ పొగ కక్కుతోంది. ఇంటిని ఆనుకుని బాదం చెట్టు ఒకటి. మొదట్లోనే వంకర తిరిగి, ఆ తరువాత నిటారుగా లేచి, సగం కప్పును నీడలో ముంచేసింది.

కొడుకు మొక్కలు చూసుకుంటాడు. కోడలు అమ్మకం చూసుకుంటుంది. అతని తల్లి, పెద్దావిడ, ముందుగదిలో కిటికీ పక్కన మంచం మీద ఉంది. ముక్కుకు సన్నటి గొట్టం. మంచం పక్కన నీళ్ళ బిందె అంత ఆక్సిజన్ మిషన్.

"లైట్లు ఎన్ని?"

"ఐదక్కా" అన్నాడు కొడుకు.

"ఆరు" అంది కోడలు. "షెడ్డులోది లైటు కాదా? నేను చీకట్లో కుండీలు తన్నుకుంటూ తిరగనా?"

లెక్కలక్క ఆరు రాసింది. రెండు ఫ్యాన్లు, నీళ్ళ మోటారు, ఫోన్లు. అన్నీ కలిపి రోజుకు ఒక యూనిట్ మీద కొంచెం. తరువాత మిషన్ను పక్కకు తిప్పి వెనకున్న చీటీ చదివింది. మూడొందల వాట్లు.

"ఇది ఎన్ని గంటలు?"

"ఆరు" అంది పెద్దావిడ, ఎవరూ నోరు తెరవకముందే.

"ముందు పదిహేను ఉండేదక్కా" అన్నాడు కొడుకు సంబరంగా. "పోయిన నెల డాక్టరు తగ్గించాడు. అమ్మే లోపలికి వెళ్ళి మాట్లాడొచ్చింది. అంతకుముందు సోలారు పెట్టేవాడొకతను వచ్చి, పదిహేను గంటలంటే ఏడు ప్యానెళ్ళు కావాలి, చెట్టు కొట్టేస్తేగానీ కప్పు చాలదు అన్నాడు. రంపం వాడికి కబురు కూడా పెట్టాను. ఇంతలో అమ్మకు నయమైంది. ఆరు గంటలకైతే ఎండ పడే సగంలోనే ప్యానెళ్ళు సరిపోతాయట కదా?"

లెక్కలక్క మళ్ళీ వంగి చూసింది. మిషన్ మీద నడిచిన గంటలు చూపించే చిన్న మీటరు ఉంది. నెల కిందటి సర్వీసు చీటీ తెప్పించి, అప్పటి అంకెను ఇప్పటి అంకెలోంచి తీసేసింది. నూట ఎనభై. ముప్ఫై రోజులు. ఆరే.

ఆరు అని రాయబోయి ఆగింది. మీటరుకు నడిచిన గంటలే తెలుసు. కావలసిన గంటలు తెలియవు. గడి ఖాళీగా వదిలేసి కప్పెక్కి నీడ పరిచింది.

"రేపొస్తాను" అని, కాళ్ళ దగ్గర ఏమీ లేకుండా ఎండలో నడిచి వెళ్ళింది. కోడలు గేటు వేస్తూ, "ఆరే రాసుకుని వెళ్ళొచ్చు కదా, ఈవిడకు అనుమానం జబ్బు" అని గొణిగింది.

మర్నాడు పొద్దున్న లెక్కలక్క కప్పు మీద నిలబడి నీడ తగిలించుకుంది. కళ్ళు మూసుకుంది. నిన్నటి పొద్దుటి ఎండ కుడి భుజాన వెచ్చగా పాకింది. పది నుంచి రెండున్నర దాకా ఒంట్లో ఎడమ సగం చల్లబడింది. అది బాదం చెట్టు. పుస్తకంలో గంటలు గుర్తు పెట్టుకుంది. సాయంకాలం పసుపు ఎండ పాదాల మీద కాసేపు నిలిచి వెళ్ళిపోయింది.

చీకటి పడ్డాక నీడకు పనుండదు. చీకటిలో నీడలన్నీ ఒకదాన్నొకటి కలుపుకుని పడుకుంటాయి. పొద్దున్న తగిలించుకునేటప్పుడు ఆ గంటలు ఆమెకు కమ్మటి నిద్రలా తెలుస్తాయి, అంతే. ఈసారి నిద్ర తెలియలేదు.

ముందు గొంతు దగ్గర బిగిసింది. తరువాత రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టినట్టయింది. గాలి లోపలికి వస్తోంది గానీ చాలడం లేదు. పడుకుంటే మునిగిపోతున్నట్టుంది. లేచి కూర్చోవాలి, కిటికీ చువ్వలు పట్టుకోవాలి, చప్పుడు కాకూడదు, పక్కగదిలో కొడుకూ కోడలూ లేస్తారు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ ఒక్కో ఊపిరి. వెయ్యి దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటి నుంచి. కిటికీ అవతల ఆకులు. ఆకుల్ని చూస్తూ మళ్ళీ ఒకటి, రెండు.

లెక్కలక్క కప్పు మీద కూలబడిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఎన్నో కప్పుల ఎండ మోసింది. ఇంకొకరి ఊపిరి మోయడం ఇదే మొదలు. కొంతసేపటికి తేరుకుని చూస్తే తన చేతి గోళ్ళు నీలంగా ఉన్నాయి. అవి మళ్ళీ ఎర్రబడేదాకా కూర్చుని మెల్లగా దిగింది.

కొడుకూ కోడలూ కింద మళ్ళలో నీళ్ళు పెడుతున్నారు. పెద్దావిడ గొట్టం తీసేసి, చెట్టు మొదట్లో స్టూలు వేసుకుని కూర్చుని ఉంది.

"డాక్టరు తగ్గించలేదు" అంది లెక్కలక్క.

"అలవాటు చేసుకుంటున్నానమ్మా. నెలయింది. మొదట్లో కంటే... నయమే."

"మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకుంటున్నారు. ఇది నయమా పెద్దమ్మా?"

"ఆరు రాసెయ్ తల్లీ. నీ చేతిలో పని. వాడికి చెప్పకు."

"రాయను."

"నీ ఊపిరా పోయేది?"

"ఊపిరి మీది. రాత నాది" అంది లెక్కలక్క. ఆమె గొంతులో కరుకుతనం ఉంది గానీ కళ్ళల్లో లేదు. "మీ ఇంటి గుట్టు నేను బయటపెట్టను. అది మీ నోటితో రావాలి. కానీ ఆ గడిలో అబద్ధం మాత్రం పడదు. ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉంటుంది, మీకు ప్యానెళ్ళు ఉండవు, ఆ జనరేటరు పొగే గతి."

పెద్దావిడ చెట్టు వంకర మీద చెయ్యి వేసింది. "ఈ నర్సరీ పెట్టినప్పుడు మొదట వేసిన నారులో ఎవరూ కొనంది ఇదొక్కటే. వంకరగా ఉందని వచ్చిన ప్రతివాడూ చేత్తో తోసేశాడు. నేనే తెచ్చి ఇక్కడ పాతాను. అందరూ తోసేసినదాన్ని... ఇప్పుడు నేనూ తోసెయ్యనా?"

"నీడే కదా కప్పుకు అడ్డం. మీరు నాటినదే. పసిపిల్లల నీడను తల్లి తీసినట్టు మీరు పిలిస్తే ఆ నీడ దిగి రాదా?"

"నాకు తట్టలేదనుకున్నావా?" పెద్దావిడ నవ్వబోతే దగ్గొచ్చింది. "ఆ రంపం మాట వినగానే గాభరా పడి ముందు అబద్ధం ఆడేశాను. నాలుగు రోజుల తరువాత తట్టింది ఈ ఆలోచన. అప్పటికే... చూడు."

వంగి, కప్పు అంచు నుంచి గోడ మీదుగా నేల దాకా జారిన నీడ కొసను రెండు చేతులా పట్టుకుంది. అది నేలలోకి వేళ్ళు దించినట్టుంది. ఆమె చేతివేళ్ళ మధ్యనుంచి నీళ్ళలా జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది.

ఆడిన మాటే ఆ నీడను కప్పుకు కట్టేసిందని ఇద్దరికీ అర్థమైంది.

"నిజం చెప్పేశాక కూడా ఇది రాకపోతే?" అంది పెద్దావిడ. "ముప్ఫై ఏళ్ళ చెట్టు. పసిపిల్లేం కాదు. వాడు ఒక్క పూట ఆగడు, రంపం తెస్తాడు."

"రాకపోవచ్చు" అంది లెక్కలక్క. ఓదార్పుకని కూడా ఆమె అబద్ధం ఆడదు. "నేను మాటివ్వలేను."

ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు పెద్దావిడ ఒళ్ళో కదులుతున్నాయి. చివరికి చెయ్యెత్తి కొడుకును పిలిచింది. గొంతు అంత దూరం వెళ్ళలేదు. లెక్కలక్క కూడా పిలవలేదు. పెద్దావిడ మళ్ళీ పిలిచింది. మూడోసారికి కోడలు తలెత్తి చూసి, నీళ్ళ గొట్టం అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. వెనకే కొడుకు.

"ఒరే, నాకు కావలసింది పదిహేను గంటలే. డాక్టరు ఏమీ తగ్గించలేదు. నేనే... అబద్ధం ఆడాను."

కొడుక్కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది.

"నెల రోజులు! నెల రోజులు నా కళ్ళ ముందు కూర్చుని..." చెట్టు వైపు తిరిగాడు. "చెట్టు కోసమా అమ్మా?"

"దీన్ని తోసెయ్యలేకపోయానురా."

"మరి నిన్ను తోసెయ్యమంటావా నన్ను?"

కోడలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మరుక్షణం కోపం తెచ్చుకుంది. "అందుకేనా అత్తయ్యా, నా వంట బాగాలేదని తిట్టడం కూడా సగంలో ఆపేస్తున్నారు? నా చెయ్యి తిరిగిందేమోనని మురిసిపోయాను!"

"నీ చెయ్యి... ఎక్కడ తిరిగిందే" అంది పెద్దావిడ. ఆయాసంలోనే నవ్వింది.

కొడుకు నవ్వలేదు. ఫోను తీశాడు. "రంపం వాణ్ణి ఇప్పుడే రమ్మంటున్నాను. సాయంత్రానికి ఇది ఉండదు."

"ఒక్క నిమిషం ఆగరా" అంది పెద్దావిడ. స్టూలు మీంచి లేచింది. కోడలు పట్టుకోబోతే వద్దని, గోడ ఆసరాతో వంగి, నేల మీద నీడ కొసను తాకింది. కుండీలోంచి మొక్కను వేళ్ళు తెగకుండా తీసేటప్పుడు చేతులు ఎలా పెడుతుందో అలాగే పెట్టింది. "రా తల్లీ" అంది.

ఆకులన్నీ ఒక్కసారి కదలడం మానేశాయి. నీడ కొస ఆమె వేళ్ళకు అంటుకుని లేచింది. ఆమె లాగలేదు, అదే వచ్చింది. గోడ మీంచి జారింది, కప్పు అంచు దాటింది. కొమ్మ వెంట కొమ్మ, ఆకు వెంట ఆకు, ఎక్కడా చిరగకుండా, పక్షి గూటి నీడతో సహా దిగి వచ్చింది. నల్లగా, చల్లగా, తడి మట్టి వాసన వేస్తూ వాళ్ళ చేతుల్లో నిండింది. కొడుకు ఫోను ఎప్పుడు కింద పడేశాడో అతనికే తెలియదు. రెండు చేతులూ చాచి కొమ్మల వైపు పట్టుకున్నాడు. కోడలు మధ్యలో. లెక్కలక్క చివర పట్టుకుంది. చెట్టంత నీడ, బరువు మాత్రం పసిపిల్ల దుప్పటంత కూడా లేదు.

ఎన్నో ఏళ్ళ తరువాత ఆ సగం కప్పు మీద నిండు ఎండ పడింది. పెంకుల మీద పాచి సన్నగా ఆవిరి కక్కింది. ఎప్పటి వాన చెమ్మో, ఇన్నేళ్ళూ అక్కడే కూర్చున్నది, పొగమంచులా లేచి వెళ్ళిపోయింది. దాని కింద పెంకులు కొత్త ఇంటి పెంకుల్లా ఎర్రగా బయటపడ్డాయి. నలుగురూ తలలెత్తి చూస్తూ నిలబడ్డారు. చెట్టు మాత్రం ఏమీ పోగొట్టుకోనట్టు ఎండలో నిలబడి ఉంది, ఒక్కో ఆకూ లోపల దీపం పెట్టినట్టు.

"ఎక్కడ వేద్దామే దీన్ని?" అంది పెద్దావిడ కోడల్ని చూసి.

"లేత మొక్కల మళ్ళ మీద. ఎండ తగలకుండా కట్టిన ఆ పచ్చ వల చిరిగిపోయి రెండు నెలలైంది. మీ అబ్బాయి కుడతానని అంటూనే ఉన్నాడు."

నారు మళ్ళ మీద పరిచారు. పరవగానే కాస్త కదిలి సర్దుకుని, సూర్యుడి వైపు చూసి తన గంటను తానే సరిచేసుకుంది.

లెక్కలక్క మెట్టు మీద కూర్చుని పెన్సిలు చెక్కుకుంది. ఖాళీ గడిలో పదిహేను అని రాసింది. లెక్క మళ్ళీ కట్టింది. రోజుకు ఆరు యూనిట్లకు కాస్త తక్కువ, నష్టాలతో ఏడున్నర. ముసురు నెలలో దొరికే మూడున్నర గంటల నిండు ఎండకు ఏడు ప్యానెళ్ళు. మూడు మబ్బు రోజులకు ఇరవై బ్యాటరీలు. కింద గీత గీసింది. మర్నాటి నుంచి పని మొదలైంది. బిగింపులు, తీగలు, బ్యాటరీలకు గాలాడే గది. తొమ్మిదో రోజు సాయంత్రం జనరేటరు ఆపేశారు. ఆ దడదడ ఆగాక ఆ వాలంతా పిట్టల గొంతులు వినిపించాయి. ఇన్నాళ్ళూ అవి కూస్తూనే ఉన్నాయి కాబోలు.

ఆ ఏడు ముసురు మూడు రోజులు పట్టింది. మిషన్ ఆగలేదు. నాలుగో రోజు ఎండ వచ్చాక లెక్కలక్క బ్యాటరీలు చూసి పోదామని వెళ్ళింది. ఈ చూపు ఎవరూ అడిగింది కాదు. కోడిగుడ్ల ఇంటి సంగతి జరిగినప్పటి నుంచీ, తాను లెక్క కట్టిన ప్రతి ఇంటికీ మొదటి ముసురు దాటగానే వెళ్ళి చూడటం ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం.

పెద్దావిడ మంచం మీద వెనక్కి ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కుకు గొట్టం. పెదవులు ఎర్రగా ఉన్నాయి. పదిహేను గంటలు ఆ గొట్టం పొడవు దాటి కదలకూడదు. కిటికీలోంచి ఎండ మంచం మీద నిండుగా పడుతోంది. గొట్టం నీడ పడింది, మంచం కోళ్ళ నీడలు పడ్డాయి. పెద్దావిడ నీడ మాత్రం పడలేదు.

"ఎక్కడుంది పెద్దమ్మా?"

"మళ్ళలో తిరుగుతోంది. పొద్దున్నే వాడు తీసుకెళ్ళి వరసల మధ్య పరిచి వస్తాడు. ఆ రోజు నుంచీ తేలిగ్గా ఊడి వస్తోందమ్మా. ఇక్కడ కూర్చుంటే నేను అక్కడ ఉన్నట్టే." ఒక్క మాట కూడా మధ్యలో ఆగలేదు.

సాయంత్రమైంది. కొడుకు చేతుల మీద తల్లి నీడను మోసుకుంటూ వచ్చాడు. దాని అంచులకు మట్టి అంటి ఉంది. మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె పాదాలకు తగిలించాడు. పెద్దావిడ కళ్ళు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుని, కాసేపు అలాగే ఉంది. లెక్కలక్క పుస్తకం మూసి గుమ్మంలో నిలబడి చూసింది.

పెద్దావిడ కళ్ళు తెరిచింది.

"మూడో వరసలో చివరి నాలుగు మొక్కలకూ నీళ్ళు అందలేదురా. వెళ్ళి పోసిరా."